పద్నాలుగో పేజీలో సంతకం

టెండర్ల విభాగం, రెండో అంతస్తు
మే 6

కాంట్రాక్టర్ గారికి,

విషయం: ఆసుపత్రి ఎదుట కాలువపై నడక వంతెన నిర్మాణం, మీ టెండరు తిరస్కరణ.

పై పనికి మీరు సమర్పించిన టెండరును పరిశీలించడమైనది. అర్హత పత్రాలలో పద్నాలుగో పేజీలోని ధ్రువీకరణపై మీ సంతకం లేదు. అందుచేత మీ టెండరును తిరస్కరించడమైనది. మీ ధరల కవరు తెరవబడదు. అది సీలు చెదరకుండా ఈ కార్యాలయపు బీరువాలో భద్రంగా ఉంటుంది.

దీనిపై మీకు అభ్యంతరమున్నచో ముప్పై రోజులలోగా కోర్టును ఆశ్రయించవచ్చును.

ఇట్లు,
సెక్షన్ ఆఫీసర్


వర్క్‌షెడ్డు, ముందు గది
మే 10

సెక్షన్ ఆఫీసర్ గారికి,

మీ ఉత్తరం అందింది. సంతకం చక్కగా ఉంది. చిన్నప్పటి చేతిరాత ఏమీ మారలేదు.

పద్నాలుగో పేజీలో ఏముందో మీకు తెలుసు. "ఈ కార్యాలయంలో నాకు దగ్గరి బంధువులు ఎవరూ లేరు" అని ఒకే ఒక్క వాక్యం. దాని కింద సంతకానికి ఒక గీత. ఆ గీత దగ్గర అరగంట కూర్చున్నాను. ఆరేళ్ళుగా మాటల్లేని తమ్ముడు దగ్గరి బంధువు కిందికి వస్తాడో రాడో మీ నిబంధనల పుస్తకంలో వెతికాను. లేదు. మా ఆయన్ని అడిగితే "మాటలు మానేసినంత మాత్రాన తమ్ముడు కాకుండా పోతాడా?" అన్నాడు. ఆయన డ్రాయింగు మాస్టారు, ఇలాంటివి అంటూ ఉంటాడు.

సంతకం పెడితే అబద్ధం. వాక్యం కొట్టేసి నిజం రాద్దామంటే, దిద్దుబాట్లున్న పేజీ చెల్లదని పక్క పేజీలోనే ఉంది. మీ ఆఫీసుకి ఫోను చేశాను. ఎత్తినతను "అనుమానముంటే ఖాళీగా వదిలేయండి మేడం, తర్వాత వాళ్ళే అడిగి రాయించుకుంటారు" అన్నాడు. వదిలేశాను. ఎవరూ అడగలేదు.

నా దగ్గర పదకొండు మంది పనివాళ్ళున్నారు. ఈ వంతెన మీద ఆశతో వేరే రెండు పనులు కాదనుకుని కూర్చున్నాం. అడగవలసింది అడక్కుండా నా కవరు బీరువాలో పెట్టి తాళం ఎందుకు వేశారో తెలియజేయగలరు.

ఇట్లు,
కాంట్రాక్టర్
(మీ అక్క)


ఇల్లు, వంటింటి బల్ల
మే 15

అక్కకి,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. కాగితం నాది, కవరు నాది, స్టాంపు నాది. ఫోను చేద్దామనుకున్నాను గానీ నా గొంతు వినగానే పెట్టేస్తావు. కిందటిసారి అలాగే చేశావు. ఉత్తరమైతే కనీసం సగం దాకా చదువుతావు.

నిబంధన అందరికీ ఒకటే. సంతకం లేని పేజీ లేనట్టే లెక్క. నేను రాయకపోతే నా పక్క సీటువాడు రాసేవాడు. ఇందులో నా సొంత కోపతాపాలేమీ లేవు. టెండరు ఎవరిదని చూడలేదు, పేజీలు చూశాను.

ఈ పనికి టెండరు వేసింది ఇద్దరే. నువ్వూ, రోలర్ గారూ. ఈ చుట్టుపక్కల మొట్టమొదట రోడ్డు రోలరు కొన్నాడని ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు, నీకు తెలిసే ఉంటుంది. ఆయన కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నీవి లేవు. అంతకు మించి ఏమీ లేదు.

కోర్టు మాట ఆ ఉత్తరంలో రాయాలి కాబట్టి రాశాను. వెళ్ళమని కాదు. పాత వంతెన మార్చిలో మూసేశారు. కొత్తది త్వరగా రావాలి.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


లాయరు ఆఫీసు, వరండా బెంచీ
జూన్ 3

తమ్ముడూ,

నీ ఉత్తరం చివరి దాకా చదివాను. సగంలో ఆపి ఉంటే బాగుండేది.

కేసు వేశాం. విచారణ తేలేదాకా పని ఎవరికీ అప్పగించొద్దని కోర్టు స్టే ఇచ్చింది. మా లాయరమ్మ అనుమతి తీసుకుని నిన్న మీ ఆఫీసులో ఫైలు చూసొచ్చింది. రోలర్ టెండరులో పన్ను చెల్లింపు సర్టిఫికెట్టు మొదట లేదట. తర్వాత వచ్చి చేరిందట. పక్కన మార్జిన్‌లో "ఫోను ద్వారా కోరగా తదుపరి సమర్పించబడినది" అని చేత్తో రాసి ఉందట. "ఈ చేతిరాత ఎవరిదో ముందు కనుక్కోవాలి" అని లాయరమ్మ పెన్ను తీసింది. నేను అక్కర్లేదన్నాను.

రోలర్ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని రాశావు. అబద్ధం కాదు. నువ్వు ఫోను చేశాక సరిగ్గానే ఉన్నాయి.

నీకు గుర్తుందో లేదో, నువ్వు సైటు ఇంజనీరుగా ఉన్నప్పుడు ఒకే వారంలో నాలుగు బడుల ప్రహరీలు తనిఖీ చేశావు. అందులో ఒకటి నాన్న కట్టింది. దాన్ని మూడు చోట్ల కొలిచి, రెండు వేళ్ళు ఒరిగిందని రాసి, పడగొట్టించావు. నాన్న మనుషుల్ని పెట్టలేదు. తనే పడగొట్టాడు, నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత తాపీ ముట్టుకోలేదు. ఏడాది తిరక్కుండా పోయాడు. మిగతా మూడు గోడల దగ్గర నువ్వు జీపు దిగలేదని అప్పటి మీ డ్రైవరు నాతో చెప్పాడు. ఆ మాట మీదే మన మాటలు ఆగిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ నా పేజీలు కొలిచావు.

అక్క


ఇల్లు, వంటింటి బల్ల
జూన్ 14

అక్కా,

నాన్న గోడ సంగతి ఎత్తకు. అది ఒరిగింది. నువ్వూ చూశావు.

ఫోను సంగతి అంటావా, రోలర్ గారి సర్టిఫికెట్టు గురించి కనుక్కోమని మా పెద్దింజనీరు గారు చెప్పారు, కనుక్కున్నాను. అది వేరు, నీది వేరు. ఎలా వేరో ఉత్తరంలో రాసే విషయం కాదు.

నువ్వు రాయని విషయం ఒకటి నేను రాస్తాను. వానలు పడుతున్నాయి. బస్సు దిగినవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాలంటే కాలువ చుట్టూ తిరిగి రెండు కిలోమీటర్లు నడవాలి. మా ఆఫీసు కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. నిన్న ఇద్దరు మనుషులు ఒక ముసలాయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. పాతిక అడుగులకోసారి దింపి చేతులు మార్చుకుంటున్నారు. ఆయన గొడుగు పట్టుకున్నాడు, ముందు మోస్తున్నవాడికి మాత్రమే అందేలా. కిటికీ మూసేశాను.

స్టే తెచ్చింది నువ్వు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు.

తమ్ముడు


ఆసుపత్రి ఎదురు బస్సు షెల్టరు
జూన్ 21

తమ్ముడూ,

చూడమన్నావుగా, వచ్చాను. పొద్దుటి నుంచి ఇక్కడే కూర్చున్నాను. మీ కిటికీ మూసే ఉంది.

ఒకావిడ కాలికి కట్టుతో బస్సు దిగి నా పక్కన కూర్చుంది. చుట్టూ తిరిగే దారి వంక చూసి నిట్టూర్చింది.

"ఈ వంతెన ఎందుకాగిందో ఏమైనా తెలుసా అమ్మా?" అంది.

"కోర్టులో ఉంది."

"ఎవరేశారు కేసు?"

"నేనే."

నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందేమో అనుకున్నాను.

"గెలుస్తావా?"

"తెలీదు."

"తొందరగా గెలువు తల్లీ. లేదంటే తొందరగా ఓడిపో. ఏదో ఒకటి కానీ" అని లేచి కుంటుకుంటూ వెళ్ళింది. సగం దూరం నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. మిగతా సగం వద్దంది.

కేసు వెనక్కి తీసుకుందామా అని మేస్త్రీలని అడిగాను. పెద్దమేస్త్రి "తీసుకుంటే ఈసారి ఇంకో పేజీ చూపిస్తారమ్మా" అన్నాడు. ఇద్దరు వేరే చోట కూలికి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టను.

ఒకరికి ఫోను చేసి ఇంకొకరికి ఎందుకు చేయలేదో మీ ఆఫీసులో ఎవరైనా ప్రమాణ పత్రం ఇస్తే నెలలో తేలిపోతుందని, లేకపోతే ఏడాది పడుతుందని లాయరమ్మ అంది. నిన్ను ప్రమాణ పత్రం అడగను. నీ ఉద్యోగం నీది. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, ఉత్తరంలో రాసేది కాదని తప్పించుకోకు.

నేను నీ అక్కని కాకపోయుంటే నాకు ఫోను చేసేవాడివా?

అక్క


ఇల్లు
జూలై 2

అక్కా,

చేసేవాణ్ణి. ముందు నీకే చేసేవాణ్ణి. వరసలో నీ టెండరే మొదటిది.

పెద్దింజనీరు గారు చెప్పారని రాశాను. ఆయన ఏమీ చెప్పలేదు. జరిగింది రాస్తాను. ఆ గురువారం మధ్యాహ్నం రెండు టెండర్లూ నా బల్ల మీద ఉన్నాయి. రెండింటిలోనూ చిన్న లోపాలే. ఇద్దరికీ ఫోను చేసి మూడు రోజులు గడువిస్తే సరిపోయేది. నీది పక్కన పెట్టి రోలర్ గారికి చేశాను. తర్వాత నీ నంబరు నొక్కడం మొదలుపెట్టాను. ఆరంకెలు నొక్కాను. పక్క సీటువాడు తలెత్తి "ఎవరికి సార్?" అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు, టీ చెప్పాలా అని అడగబోతున్నాడు. నేను ఫోను పెట్టేశాను. నువ్వు నా అక్కవని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. సొంతవాళ్ళకి సాయం చేశాడని అంటారేమోనని భయం. మళ్ళీ నొక్కలేదు. సోమవారం తిరస్కరణ నోటు రాశాను. ఒక్క తప్పు లేకుండా రాశాను, రెండుసార్లు చదువుకున్నాను.

గోడ ఒరిగిన మాట నిజం. మిగతా మూడూ కొలవని మాటా నిజం. మా డ్రైవరు అబద్ధం చెప్పాడని ఆరేళ్ళ కిందట నీతో అన్నాను. అతను చెప్పింది నిజమే. నాన్న పడగొడుతున్న నాలుగు రోజులూ నేను ఆ వీధిలోంచి వెళ్ళలేదు. ఆయన నన్నేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలీదు.

నిన్న పెద్దింజనీరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను.

"ఆమె మీ అక్కా?"

"అవునండీ."

"సొంత అక్కా?"

"సొంతమేనండీ."

"మరి తిరస్కరించావేం?"

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సొంతవాళ్ళకి మేలు చేసినవాళ్ళని చాలామందిని చూశానయ్యా. వాళ్ళకో సెక్షను ఉంది. నిన్ను దేని కింద పెట్టాలో అర్థం కావడం లేదు" అన్నారు.

ప్రమాణ పత్రం ఇచ్చాను. ఒక కాపీ మీ లాయరమ్మకి వెళ్ళింది. నువ్వు అడగలేదని అందులో రాశాను, అది కూడా నిజమే కాబట్టి.

తమ్ముడు


కోర్టు క్యాంటీను
జూలై 26

తమ్ముడూ,

నిన్ను విచారణ ముగిసేదాకా ఆఫీసు దాటొద్దన్నారని విన్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. టీ చల్లారిపోయింది.

మీ ప్రభుత్వ లాయరు లేచి, "ఈ ప్రమాణ పత్రం ఇచ్చిన మనిషి ఈవిడ తమ్ముడే. అక్క కోసం ఇచ్చాడు. ఎలా నమ్మాలి?" అన్నాడు.

జడ్జి గారు కాగితాలు తిరగేసి, "ఆరేళ్ళుగా వీళ్ళకి మాటల్లేవని ఇందులో ఉందే?" అన్నారు.

"మాటల్లేవు గానీ ఈ మధ్య ఉత్తరాలు రాసుకుంటున్నారండీ."

జడ్జి గారు నా వైపు తిరిగారు. "ఏం రాసుకుంటున్నారమ్మా?"

"తిట్టుకుంటున్నామండీ."

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. మీ బావ అనుకుంటాను.

"పద్నాలుగో పేజీ ఖాళీగా ఎందుకు వదిలారు?"

"ఎవరూ లేరని సంతకం పెట్టలేక."

"అంటే అతన్ని దగ్గరి బంధువు కిందే లెక్కేశారా?"

ఇది లాయరమ్మ నాకు నేర్పిన ప్రశ్నల్లో లేదు. ఈ ఆరేళ్ళలో నీ గురించి ఎవరడిగినా మాట మార్చేశాను. అంతమంది ముందు మాట మార్చడానికి కుదరలేదు.

"నాకున్నది అతనొక్కడే అండీ" అన్నాను.

టైపిస్టు అది కూడా టైపు చేశాడు. తీర్పులో ఉంటుందట.

తిరస్కరణ చెల్లదన్నారు. ఒకరికిచ్చిన అవకాశం ఇంకొకరికి ఇవ్వకపోవడం, కారణం భయమైనా సరే, అన్యాయమేనన్నారు. బంధువు ఉండటం తప్పు కాదట, దాచడమే తప్పట. బంధుత్వం తెలిసింది కాబట్టి నా టెండరు అర్హత ఉన్నట్టే తీసుకోవాలి. ఏడు రోజుల్లో వేరే అధికారి ఎదుట రెండు ధరల కవర్లూ తెరవాలి. ఎవరిది తక్కువైతే వాళ్ళకి వంతెన.

గోడ గురించి నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివాను. ఇప్పుడే ఏమీ రాయలేను. చదివానని మాత్రం తెలియాలని రాస్తున్నాను.

అక్క


రికార్డుల గది, బేస్‌మెంటు
జూలై 30

అక్కా,

నన్ను ఇక్కడికి మార్చారు. కిటికీలు లేవు. ఇంక్రిమెంటు ఆపారు, ఉద్యోగం తీయలేదు. ఏ సెక్షను కింద పెట్టాలో చివరికి తేలలేదట, అందుకని కిందికి పంపారు.

పక్క సీటువాడు దిగి వచ్చి చూసి వెళ్ళాడు. "ఆ రోజు నేను టీ గురించే అడిగాను సార్" అన్నాడు. నాకు తెలుసన్నాను.

రేపు కవర్లు తెరుస్తున్నారట కదా. నేను పైకి రాకూడదు. నీ ధర ఎంతో నాకు తెలీదు, అడగను. రోలర్ గారు పెద్ద పనుల మీద ఉన్నాడు, ఇంత చిన్న పనికి తక్కువ వేసి ఉండడు. నీకే వస్తుంది. ఇన్నాళ్ళూ పేజీలే చూశానన్నాను గానీ నీ పని నేను చూశాను. సంత వీధిలో నువ్వు కట్టిన మెట్లు ఎక్కి దిగాను, రెండుసార్లు. ఎక్కడా కొలవలేదు.

తమ్ముడు


వర్క్‌షెడ్డు
జూలై 31

తమ్ముడూ,

కవర్లు తెరిచారు. రోలర్‌ది తక్కువ. ఎంతో కాదు, ఒక లారీ ఇసుక ఖరీదంత తేడా.

నేను రెండు వైపులా పట్టుకుని నడవడానికి రెండేసి వరసల గొట్టాలు లెక్కేశాను, పైది పెద్దవాళ్ళకి, కిందిది పిల్లలకి. ఆయన ఒక్కో వరసే వేశాడు. మీ డ్రాయింగులో ఒక్క వరసే ఉంది, కాబట్టి ఆయనది తప్పు కాదు. నాకెవరూ రెండు వెయ్యమనలేదు.

రోలర్ వచ్చి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. పెద్దమేస్త్రి "సరే" అని వెళ్ళి పనిముట్లు కడగడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

మీ బావ అన్నం తినమని మూడుసార్లు పిలిచాడు. వెళ్తున్నాను.

అక్క


రికార్డుల గది, బేస్‌మెంటు
ఆగస్టు 5

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. బావకి కూడా చూపించకు.

నాలుగు రోజులుగా ఒక విషయం బుర్ర తొలిచేస్తోంది. రోలర్ గారి సర్టిఫికెట్టు ఎప్పుడొచ్చిందని ఎవరూ అడగలేదు. కోర్టూ అడగలేదు, మీ లాయరమ్మా అడగలేదు. నేను ఆయనకి ఫోను చేసింది గురువారం. గడువు మూడు రోజులు. సర్టిఫికెట్టు ఇచ్చింది సోమవారం పొద్దున పదకొండింటికి. నువ్వే లెక్కపెట్టు. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. సోమవారం నాలుగో రోజు. గడువు దాటిన కాగితం నేను తీసుకున్నాను. ఆ రోజు నా మనసంతా నీ ఫైలు మీదే ఉంది, చూసుకోలేదు. ఆయన టెండరే చెల్లదు. ఉన్నది నీదొక్కటే.

రిజిస్టరు ఇప్పుడు నా గదిలోనే ఉంది, నా వెనక బీరువాలో. అప్పీలుకి ముప్పై రోజులు టైముంది. లాయరమ్మకి చెప్పు. నన్ను పిలిస్తే వస్తాను. ఏమన్నా అననీ, మళ్ళీ వచ్చి చెబుతాను. ఇంతకన్నా కిందికి పంపడానికి ఈ బిల్డింగులో అంతస్తు లేదు.

ఈసారి పెట్టెయ్యను అక్కా.

తమ్ముడు


వర్క్‌షెడ్డు, ముందు గది
ఆగస్టు 9

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మీ బావకి చూపించలేదు. లాయరమ్మకి కూడా.

మీ నిబంధనల పుస్తకం నలభయ్యో పేజీ, ఇరవై రెండో నిబంధన: గడువులోని చివరి రోజు సెలవు దినమైనచో, తదుపరి పని దినం సాయంత్రం అయిదు గంటల వరకు గడువు ఉన్నట్లు భావించవలెను. ఆదివారం సెలవు. రోలర్ సోమవారం పదకొండింటికే ఇచ్చాడు. ఆరు గంటల ముందే ఇచ్చాడు. ఆయన టెండరు నిక్షేపంలా చెల్లుతుంది. ఆ పుస్తకం ముందు పేజీలో, కూర్పు: సెక్షన్ ఆఫీసర్, టెండర్ల విభాగం అని అచ్చు వేశారు. అది నువ్వే కదా. ఆ ఏడాదంతా ఎవరింటికెళ్ళినా ఆ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగావని విన్నాను.

పని సోమవారం మొదలైంది. రోలర్ దగ్గర గొట్టాల పని తెలిసినవాళ్ళు లేరట, మా వాళ్ళని అడిగాడు. పంపుతున్నాను. రెండో వరస సంగతి ఆయనతో మాట్లాడాను. డ్రాయింగు మార్చితే తనకేం అభ్యంతరం లేదన్నాడు. పెద్దింజనీరు గారికి అర్జీ పెట్టాను. ఏమంటారో చూడాలి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం తీయకుండానే తప్పని తెలిసిపోయింది, అయినా తీసి చూశాను. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నువ్వు నిబంధన తప్పు చదవడం ఇదే మొదలనుకుంటాను. అదీ నా వైపు.

అప్పీలుకి పనికిరాదు. కానీ దాచుకుంటాను.

ఆదివారం భోజనానికి రా. సెలవే.

అక్క